కన్సోల్–డెస్క్‌టాప్ పోలిక: అంకె పక్కన షరతు కూడా అచ్చువేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ సాంకేతిక పేజీలో గేమింగ్ కన్సోళ్లనూ డెస్క్‌టాప్ విడిభాగాలనూ పక్కపక్కన పెట్టి వేసిన పట్టిక గురించి ఈ ఉత్తరం. అందులో పీఎస్5 (సోనీ ప్లేస్టేషన్ 5) ఎదురుగా 10.28, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ ఎదురుగా 12.15, ఆర్‌టీఎక్స్ 3070 గ్రాఫిక్స్ కార్డు ఎదురుగా 20.3 టెరాఫ్లాప్స్ (సెకనుకు ఎన్ని లక్షల కోట్ల లెక్కలు చేయగలదో చెప్పే కొలత) అని వేశారు. కింద ఒక్క ముక్కలో ‘కార్డు ఒక్కటే పీఎస్5కి రెట్టింపు’ అని తేల్చేశారు. అంకెలు మూడూ సరైనవే. తేల్చిన మాటే నిలబడదు. దాన్ని నమ్మి డబ్బు పెట్టే పాఠకులు ఉంటారు కాబట్టి, ఎందుకు నిలబడదో కాస్త విడమరిచి రాస్తున్నాను. ఉత్తరం పొడుగైంది. కత్తిరించక తప్పకపోతే కబుర్లు కత్తిరించండి, లెక్కలు మాత్రం ఉంచండి.

ముందు ఆ టెరాఫ్లాప్ ఎలా పుడుతుందో చూడాలి. పీఎస్5 గ్రాఫిక్స్ చిప్‌లో 36 కంప్యూట్ యూనిట్లు ఉన్నాయి. ఒక్కో దాంట్లో 64 లెక్కింపు వరసలు. గుణించి, వెంటనే కూడే ఆదేశాన్ని రెండు పనులుగా లెక్కేయడం ఈ రంగంలో ఆనవాయితీ. గడియారం, అంటే చిప్ పనిచేసే వేగం, గరిష్ఠంగా 2.23 గిగాహెర్ట్జ్. 36ను 64తో, ఆపై 2తో, ఆపై 2.23తో గుణిస్తే 10,276 గిగాఫ్లాప్స్, అంటే 10.28 టెరాఫ్లాప్స్. సిరీస్ ఎక్స్‌లో 52 యూనిట్లు, 1.825 గిగాహెర్ట్జ్; అదే గుణకారం 12.15 ఇస్తుంది. ఎవరూ ఏ గేమూ నడిపి చూసి ఈ అంకె రాయలేదు. ఇది కొలిచింది కాదు, గుణించింది. ప్రతి వరసకూ ప్రతి క్షణం పని దొరికితే వచ్చే పైఎత్తు ఇది. గేమ్‌లో ఆ పరిస్థితి దాదాపు రాదు. మెమరీ నుంచి డేటా రావాలి, బొమ్మను కట్టే త్రిభుజాలు గీయాలి, నీడలు వేయాలి. ఈలోపు వరసలు ఖాళీగా కూర్చుంటాయి.

ఒకే కుటుంబానికి చెందిన రెండు చిప్‌ల మధ్య ఈ అంకె కొంత పనికొస్తుంది. కుటుంబం మారితే మోకాలికీ బోడిగుండుకూ ముడిపెట్టినట్టే. ఆర్‌టీఎక్స్ కార్డులు చేసే ఎన్విడియా సొంత సరుకే చూడండి. ఆర్‌టీఎక్స్ 2080 టీఐ కాగితం మీద 13.45 టెరాఫ్లాప్స్, ఆర్‌టీఎక్స్ 3070 కాగితం మీద 20.3. యాభై శాతం తేడా కనిపించాలి కదా, గేమ్‌ల్లో రెండూ దాదాపు భుజం భుజం కలిపి నడుస్తాయి. 3070 తరంలో దశాంశ లెక్కలు చేసే వరసలను రెట్టింపు చేశారు. అయితే వాటిలో సగం పూర్ణాంకాల లెక్కలు కూడా మోయాలి. గేమ్‌లో పూర్ణాంకాల పని వచ్చినప్పుడల్లా ఆ సగంలో కొంత పక్కకు పోతుంది. పాత తరంలో పూర్ణాంకాలకు విడిగా వరసలు ఉండేవి, వాటిని టెరాఫ్లాప్స్‌లో లెక్కేసేవారు కాదు.

కన్సోళ్ల చిప్‌లు చేసే ఏఎండీ వైపూ ఇదే కథ. ఆర్‌ఎక్స్ 6650 ఎక్స్‌టీలో 32 కంప్యూట్ యూనిట్లు, 10.8 టెరాఫ్లాప్స్. తర్వాతి తరం ఆర్‌ఎక్స్ 7600లోనూ అవే 32 యూనిట్లు, గడియారం దాదాపు అదే, కాగితం మీద మాత్రం 21.75! ఒక్కో వరస కొన్ని సందర్భాల్లో ఒకేసారి రెండు ఆదేశాలు తీసుకోగలదు కాబట్టి అంకెను రెట్టింపు చేశారు. గేమ్‌లో పెరిగింది కొద్ది శాతమే.

మీ పట్టికకు ఇంతకన్నా సూటి జవాబు కావాలంటే పీఎస్5 ప్రో ఉంది. 2024 నవంబర్‌లో వచ్చిన ఈ యంత్రంలో 60 కంప్యూట్ యూనిట్లు, 16.7 టెరాఫ్లాప్స్. పాత పీఎస్5తో పోలిస్తే యూనిట్లు 67 శాతం, టెరాఫ్లాప్స్ 62 శాతం ఎక్కువ. తయారుచేసిన సోనీయే చిత్రం గీసే వేగం 45 శాతం వరకు పెరుగుతుందని చెప్పింది. మిగిలింది ఎటు పోయింది? మెమరీ దారి సెకనుకు 448 గిగాబైట్ల నుంచి 576కు పెరిగింది, అంటే దాదాపు 29 శాతమే. పొయ్యిలు పెంచి వంటింటి గుమ్మాన్ని కొంచెమే వెడల్పు చేస్తే ఆ గుమ్మంలోంచి పట్టినన్ని పళ్లేలే బయటికొస్తాయి. ప్రాసెసర్ తరమైతే మారనే లేదు, అదే ఏఎండీ జెన్ 2.

పీఎస్5, సిరీస్ ఎక్స్ మధ్య కూడా కాగితం మీద 18 శాతం తేడా ఉంది. చాలా గేమ్‌ల్లో రెండూ దాదాపు సమానంగా నడుస్తాయి, అప్పుడప్పుడు పీఎస్5 ముందుంటుంది. సిరీస్ ఎక్స్‌లో యూనిట్లు ఎక్కువ, గడియారం నెమ్మది. పీఎస్5లో యూనిట్లు తక్కువ, గడియారం 22 శాతం వేగం. త్రిభుజాలను పిక్సెళ్లుగా మార్చే భాగం, చిప్ లోపలి క్యాష్ (వెంటనే చేతికందే చిన్న నిల్వ) లాంటివి యూనిట్ల సంఖ్యతో కాక గడియారంతో పాటు పరిగెత్తుతాయి. టెరాఫ్లాప్స్ గుణకారంలో వీటికి చోటే లేదు.

ఇక మెమరీ. మీ పట్టికలో కన్సోల్‌కు ‘16 జీబీ ర్యామ్’ అనీ, డెస్క్‌టాప్‌కు ‘16 జీబీ ర్యామ్’ అనీ ఒకే గడిలో వేశారు. రెండూ ఒకటి కావు. కన్సోల్‌లో ఉన్నది ఉమ్మడి సొత్తు, ప్రాసెసరూ గ్రాఫిక్సూ అందులోంచే పంచుకుంటాయి. సిరీస్ ఎక్స్‌లో 2.5 జీబీ వ్యవస్థకు పోగా గేమ్‌కు మిగిలేది 13.5 జీబీ. డెస్క్‌టాప్‌లో 16 జీబీ ర్యామ్ ప్రాసెసర్‌ది, కార్డు మీద ఉన్న 8 లేదా 12 జీబీ గ్రాఫిక్స్‌ది. ఒకే టెక్స్చర్ (వస్తువుల ఉపరితలం మీద అతికించే బొమ్మ) రెండు చోట్లా కాసేపు ఉండాల్సి రావచ్చు. అందుకే కన్సోల్ 16 జీబీతో నెట్టుకొచ్చే గేమ్‌కు డెస్క్‌టాప్‌లో 16 జీబీ ర్యామ్, పైగా 8 జీబీకి మించిన వీడియో మెమరీ అడగడంలో వింతేమీ లేదు.

బ్యాండ్‌విడ్త్, అంటే మెమరీ దారి సెకనుకు మోసే డేటా, లెక్క చిన్నదే. పీఎస్5లో 256 బిట్ల దారి, ఒక్కో బిట్ గీత మీద సెకనుకు 14 గిగాబిట్లు. 256ను 8తో భాగించి 14తో గుణిస్తే 448 గిగాబైట్లు. సిరీస్ ఎక్స్ దగ్గర కొంచెం మెలిక ఉంది. అందులో పది మెమరీ చిప్‌లు, 320 బిట్ల దారి, కాబట్టి 560 గిగాబైట్లు. కానీ పదింట్లో ఆరు చిప్‌లు 2 జీబీవి, నాలుగు 1 జీబీవి. పది చిప్‌ల మీదా సమానంగా పరిచిన మొదటి 10 జీబీకే 560 వేగం. మిగిలిన 6 జీబీ ఆ ఆరు పెద్ద చిప్‌ల్లోనే ఉంటుంది కాబట్టి దారి 192 బిట్లకు కుదించుకుపోయి వేగం 336కు పడిపోతుంది. పెట్టె మీద రాసే 16 జీబీ అన్న మాట వెనక ఇంత ఉంది.

గ్రాఫిక్స్ వరకే చూస్తే పీఎస్5 చిప్‌కు డెస్క్‌టాప్‌లో దగ్గరి చుట్టం ఆర్‌ఎక్స్ 6700. అవే 36 యూనిట్లు, అదే ఆర్‌డీఎన్‌ఏ 2 కుటుంబం. చివర ఎక్స్‌టీ ఉన్నది వేరే కార్డు. దాంట్లో 40 యూనిట్లు, 12 జీబీ. ఇంత దగ్గరి చుట్టం కూడా మెమరీ దగ్గర వేరైపోతుంది. ఆర్‌ఎక్స్ 6700లో 10 జీబీ మెమరీ, 160 బిట్ల దారి, సెకనుకు 320 గిగాబైట్లు. పీఎస్5 కన్నా తక్కువే కదా అనిపిస్తుంది. కానీ ఆ కార్డు చిప్ లోపల 80 ఎంబీ ఇన్ఫినిటీ క్యాష్ ఉంది, కన్సోల్‌లో అది లేదు. పైగా కార్డు తన 320 ఎవరికీ పంచిపెట్టదు. కన్సోల్‌లో ప్రాసెసర్ మెమరీని ఎంత ఎక్కువ తడితే గ్రాఫిక్స్ వాటా అంత తగ్గుతుంది. తక్కువ రిజల్యూషన్‌లో క్యాష్ బాగా ఆదుకుంటుంది, 4కే దాకా వెళ్తే క్యాష్‌లో దొరకనివి పెరిగి సన్నటి దారి బయటపడుతుంది. అంటే ‘ఏది వేగం’ అన్న ప్రశ్నకు జవాబు రిజల్యూషన్‌తో పాటు మారుతుంది.

8 జీబీ కార్డు కొనేవారికి ఇంకో మాట. ఆర్‌ఎక్స్ 6600 ఎక్స్‌టీ లాంటి కొన్ని కార్డులు చూడ్డానికి పూర్తి పొడవు స్లాట్‌లో కూర్చున్నా ఎనిమిది లేన్లే (డేటా దారులే) వాడతాయి. పీసీఐఈ (కార్డును బోర్డుకు కలిపే స్లాట్ ప్రమాణం) 4.0 బోర్డులో ఇది ఇబ్బంది కాదు. పాత 3.0 బోర్డులో పెడితే దారి సగమవుతుంది. వీడియో మెమరీ నిండి టెక్స్చర్లు ర్యామ్‌లోకి పొంగినప్పుడు ఆ సగం దారి మీదే రావాలి. సెకనుకు తెర మీదికి వచ్చే చిత్రాలు (ఫ్రేమ్‌లు) సగటున బాగానే కనిపిస్తూ మధ్యమధ్యలో ఆట గతుక్కుమంటుంది. చాలామంది ప్రాసెసర్‌ను తిడతారు. టెక్స్చర్ సెట్టింగ్ ఒక మెట్టు తగ్గించి చూడండి, గతుకులు పోతే రోగం తెలిసిపోయినట్టే.

ప్రాసెసర్ దగ్గర మీ వ్యాసం ‘కన్సోల్‌లో ఉన్నది రైజెన్ 7 3700ఎక్స్‌కు సమానం’ అంది. కోర్ల సంఖ్య ఎనిమిది, తరం జెన్ 2, అంతవరకు నిజం. గడియారం చూస్తే పీఎస్5లో గరిష్ఠంగా 3.5 గిగాహెర్ట్జ్, సిరీస్ ఎక్స్‌లో 3.8 (ఒక్కో కోర్ ఒకేసారి రెండు థ్రెడ్లు, అంటే రెండు పనులు, నడిపితే 3.6), 3700ఎక్స్‌లో 4.4 వరకు. అసలు తేడా క్యాష్‌లో ఉంది. 3700ఎక్స్‌లో 32 ఎంబీ ఎల్3 ఉంటే కన్సోళ్లలో 8 ఎంబీ. ఆ నిల్వలో దొరకనిది బయటి మెమరీకి వెళ్లి తెచ్చుకోవాలి. కన్సోల్‌లోని జీడీడీఆర్6 ఒకేసారి పెద్ద మూటలు మోయడంలో దిట్ట, చిన్న ముక్క అడిగితే వెంటనే చేతికివ్వడంలో డెస్క్‌టాప్ ర్యామ్ రకమైన డీడీఆర్4 అంత చురుకు కాదు. పైగా ఒక కోర్ వ్యవస్థ పనులకు పోతుంది. జనం కిక్కిరిసిన నగర దృశ్యాల్లో కన్సోల్ సెకనుకు 60 ఫ్రేమ్‌లు అందుకోలేక తడబడితే కారణం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. ఆ తర్వాతి తరాల ఆరు కోర్ల డెస్క్‌టాప్ ప్రాసెసర్ అలాంటి చోట సులువుగా ముందుకు పోతుంది. అందువల్ల ‘ఎనిమిది కోర్లున్నాయి కాబట్టి మెరుగు’ అనే వాదన రెండు వైపులా చెల్లదు.

టెరాఫ్లాప్స్ ఒక్కటే చూస్తే ప్రాసెసర్ ఎలా కనుమరుగవుతుందో చెప్పే జంట ఒకటుంది. 2017 నాటి ఎక్స్‌బాక్స్ వన్ ఎక్స్ 6 టెరాఫ్లాప్స్, 2020 నాటి ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌ది 4 టెరాఫ్లాప్స్. అంకెల ప్రకారం కొత్తది వెనకడుగు. కానీ పాతదాంట్లో ఉన్నది 2.3 గిగాహెర్ట్జ్ జాగ్వార్ అనే పాత తరం కోర్లు, నిల్వ హార్డ్ డిస్క్‌లో. ఒకే గేమ్ పాతదాంట్లో 30 ఫ్రేమ్‌లు, సిరీస్ ఎస్‌లో 60 ఇవ్వడం మామూలే. అలాగని సిరీస్ ఎస్ అన్నిట్లోనూ గెలుస్తుందని కాదు. దాని మెమరీ 10 జీబీ, పాతదానిది 12. పాత గేమ్‌లు కొన్ని వన్ ఎక్స్‌లోనే ఎక్కువ రిజల్యూషన్‌తో నడుస్తాయి.

నిల్వ విషయం త్వరగా ముగిస్తాను. పీఎస్5 ఎస్‌ఎస్‌డీ సెకనుకు 5.5 గిగాబైట్లు చదువుతుంది, కుదించిన డేటాను విప్పే పని ప్రత్యేక యంత్రాంగం చేస్తుంది. 2020 మార్చిలో దాని రూపశిల్పి మార్క్ సెర్నీ ఆ విప్పే పనికి తొమ్మిది జెన్ 2 కోర్లు కావాల్సి వచ్చేదని చెప్పారు. డెస్క్‌టాప్‌లో పెట్టె మీద 7 గిగాబైట్లు అని ఉన్న ఎస్‌ఎస్‌డీ కొన్నా, విప్పేది ప్రాసెసర్ అయితే గేమ్ తెరుచుకునే సమయం ఆ దామాషాలో తగ్గదు. విండోస్‌లోని డైరెక్ట్‌స్టోరేజ్ అనే సౌకర్యం ఆ పనిని గ్రాఫిక్స్ కార్డుకు అప్పగించగలదు, కానీ గేమ్ తయారీదారు దాన్ని వాడుకుని ఉండాలి.

ఇప్పుడు అసలు పోలిక ఎలా చేయాలో చెబుతాను, ఎందుకంటే అంకెలు వద్దని చెప్పి చేతులు దులుపుకుంటే మీకు ఉపయోగం లేదు. ఒకే గేమ్‌లో, ఒకే చోట, 60 నుంచి 90 సెకన్ల దారి ఎంచుకోండి. అదే దారిలో మూడుసార్లు నడవండి. మొదటిసారి అంకెలు పారేయండి, ఎందుకంటే అప్పుడు షేడర్లూ (రంగు, వెలుగు లెక్కగట్టే చిన్న ప్రోగ్రాములు) టెక్స్చర్లూ ఇంకా చేరుతుంటాయి. కన్సోల్‌లో ఫ్రేమ్ కౌంటర్ ఉండదు కాబట్టి తెర సంకేతాన్ని క్యాప్చర్ పరికరంతో రికార్డు చేయాలి. పీఎస్5లో సెట్టింగ్స్, సిస్టమ్, హెచ్‌డీఎంఐలోకి వెళ్లి హెచ్‌డీసీపీ (కాపీ చేయకుండా అడ్డుకునే రక్షణ) ఆపకపోతే నల్ల తెరే వస్తుంది. 60 హెర్ట్జ్‌లో ఒక నిమిషం రికార్డు చేస్తే 3,600 ఫ్రేమ్‌లు. వాటిలో ముందుదానికి నకలుగా ఉన్నవి తీసేయండి. 3,480 మిగిలితే సగటు 58. నకళ్లు ఎక్కడెక్కడ గుంపుగా పడ్డాయో కూడా రాసుకోండి, ఆట తడబడింది అక్కడే.

డెస్క్‌టాప్‌లో ప్రెజెంట్‌మాన్ అనే ప్రోగ్రాము గానీ, దాని మీద కట్టిన క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్ గానీ ఒక్కో ఫ్రేమ్‌కు ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో రాసిపెడతాయి. సగటు మాత్రమే అచ్చువేయకండి. 100 ఫ్రేమ్‌లలో 99 ఫ్రేమ్‌లు 16 మిల్లీసెకన్ల చొప్పున వచ్చి, ఒక్కటి 116 మిల్లీసెకన్లు తీసుకుంటే మొత్తం 1.7 సెకన్లు. సగటు 58.8, పేపర్లో చూస్తే ముచ్చటగా ఉంటుంది. ఆడేవాడి కంటికి మాత్రం బండి గోతిలో దిగి లేచినట్టుంటుంది. అందుకే అత్యంత నెమ్మదైన ఒక శాతం ఫ్రేమ్‌ల అంకె కూడా పక్కన ఉండాలి.

ఫ్రేమ్‌ల సంఖ్యకు వేసే కట్టు సంగతి చాలామంది మరిచిపోతారు. కన్సోల్ గేమ్‌లు ఎక్కువగా 60 దగ్గరో 30 దగ్గరో ఆగేలా కట్టి ఉంటాయి. ఆ దృశ్యమంతా కన్సోల్ 60 దగ్గర కదలకుండా నిలిస్తే, దాని సత్తా కనీసం 60 అని తెలిసింది, అంతే. అది 61 కావచ్చు, 85 కావచ్చు. అదే చోట కట్టు విప్పిన డెస్క్‌టాప్ 80 ఇచ్చింది కాబట్టి 33 శాతం వేగం అనడం పొరపాటు. కన్సోల్ 60 కిందికి జారే చోటే పోలికకు పనికొస్తుంది. అక్కడ కూడా ఒక చిక్కుంది. మారే రిఫ్రెష్ రేటు (ఫ్రేమ్ వచ్చే వేళను బట్టి తెర తాజా అయ్యే వీలు) లేని 60 హెర్ట్జ్ తెర మీద ఒక ఫ్రేమ్ 16.7 కాక 17 మిల్లీసెకన్లు పడితే తెర మళ్లీ తాజా అయ్యేదాకా ఆగి 33.3 దగ్గర కనిపిస్తుంది. 0.3 మిల్లీసెకన్ల ఆలస్యం రెట్టింపుగా నమోదవుతుంది.

రిజల్యూషన్ దగ్గర మోసపోవడం ఇంకా తేలిక. టీవీకి వచ్చే సంకేతం 4కే కావచ్చు, లోపల గీసింది అంత కాకపోవచ్చు. 4కేలో దాదాపు 83 లక్షల పిక్సెళ్లు, 1440లో 37 లక్షలు; 2.25 రెట్ల తేడా. గీసిందెంతో తెలుసుకునే పద్ధతి ఒకటుంది. కుదింపు లేని 4కే చిత్రం తీసి, దాదాపు అడ్డంగా వాలిన అంచును, ఇంటి చూరులాంటిది, పెద్దది చేసి చూడండి. నిలువునా 100 పిక్సెళ్ల ఎత్తులో ఆ అంచుకు ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టండి. 100 మెట్లుంటే నిజమైన 4కే. 75 ఉంటే 2160లో 75 శాతం, అంటే 1620. అంత ఎత్తు అంచు ఒక్కచోట దొరక్కపోతే 40 పిక్సెళ్ల మేర లెక్కపెట్టి దామాషా కట్టినా సరిపోతుంది. పాత ఫ్రేమ్‌ల సమాచారంతో అంచుల్ని నునుపుచేసే గేమ్‌లలో మెట్లు కనబడవు. అప్పుడు కెమెరా ఒక్కసారిగా వేరే దృశ్యానికి దూకిన తర్వాత వచ్చే మొట్టమొదటి ఫ్రేమ్ పట్టుకోవాలి. దానికి వెనక చరిత్ర ఉండదు కాబట్టి గుట్టు బయటపడుతుంది. చాలా గేమ్‌లు బరువును బట్టి రిజల్యూషన్‌ను క్షణక్షణం మార్చుకుంటాయి, కాబట్టి తేలికైన చోటా బరువైన చోటా విడిగా లెక్కించాలి.

ఆ తర్వాత డెస్క్‌టాప్‌ను ఆ రిజల్యూషన్‌కు దించి, సెట్టింగ్‌లు ఒక్కొక్కటే కన్సోల్ చిత్రంతో సరిపోల్చాలి: నీడలు, నీటిలో ప్రతిబింబాలు, దూరపు చెట్లు, జనసమ్మర్దం. అన్నీ ‘అల్ట్రా’లో పెట్టి కన్సోల్‌తో పోల్చేవారు తమ కార్డుకే అన్యాయం చేస్తున్నారు. కన్సోల్ వెర్షన్‌లో కొన్ని ‘హై’, కొన్ని ‘మీడియం’, ఒకటి అరా డెస్క్‌టాప్ ‘లో’ కన్నా దిగువన ఉంటాయి. తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెంచి చూపే డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్, పీఎస్‌ఎస్‌ఆర్ లాంటి పద్ధతులు వాడితే ఏ స్థాయిలో వాడారో రాయాలి. 4కేలో డీఎల్‌ఎస్‌ఎస్ ‘పెర్ఫార్మెన్స్’ అంటే లోపల గీసేది 1080 మాత్రమే. మధ్యలో కల్పించి చేర్చిన ఫ్రేమ్‌లను అసలు లెక్కలో కలపనే కూడదు. అవి కదలికను నునుపు చేస్తాయి తప్ప బటన్ నొక్కినప్పుడు స్పందనను త్వరపరచవు.

డెస్క్‌టాప్ అంకె అనుమానాస్పదంగా తక్కువ వస్తే చూడాల్సినవి చాలావరకు చిన్న తప్పులే. ర్యామ్ ఒకే స్టిక్ అయితే దారి సగం: డీడీఆర్4 3200 రెండు స్టిక్‌లతో 51.2 గిగాబైట్లు, ఒక్కదానితో 25.6. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్‌లైతే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి. బయోస్‌లో (బోర్డు సెట్టింగ్‌ల తెరలో) ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయకపోతే 3200 కిట్ కూడా 2133 లేదా 2400 దగ్గరే నడుస్తుంది, ఏ హెచ్చరికా రాదు. కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్‌కు ఒకేసారి అందుబాటులో ఉంచే రీసైజబుల్ బార్ ఆపి ఉండొచ్చు. 144 హెర్ట్జ్ మానిటర్ విండోస్‌లో 60 దగ్గరే ఉండిపోవచ్చు. కేబుల్‌ను కార్డుకు కాక మదర్‌బోర్డుకు గుచ్చిన సందర్భాలూ తక్కువేం కాదు. ఎక్కడ ఇరుక్కుందో తెలియాలంటే కార్డు వాడకం చూడండి. 97 నుంచి 99 శాతం ఉంటే కార్డుదే హద్దు. 70 శాతం దగ్గర ఉండి, రిజల్యూషన్ తగ్గించినా ఫ్రేమ్‌లు పెరగకపోతే ప్రాసెసర్‌దో మెమరీదో.

కన్సోల్ వైపు తప్పులు వేరు. పీఎస్5లో గేమ్ ప్రీసెట్స్‌లో పెర్ఫార్మెన్స్ మోడ్ ఉందా, రిజల్యూషన్ మోడ్ ఉందా అన్నది రాయకుండా ఇచ్చిన ఏ అంకెకూ విలువ లేదు. 120 హెర్ట్జ్ రాకపోతే టీవీలో ఆ సౌకర్యం ఏ హెచ్‌డీఎంఐ పోర్టుకు ఉందో చూడాలి, అన్నిటికీ ఉండదు. పెట్టెలో వచ్చిన కేబుల్ కాకుండా పాతది వాడితే కూడా అదే గతి. పీఎస్5లో మారే రిఫ్రెష్ రేటు 48 నుంచి 120 హెర్ట్జ్ మధ్య పనిచేస్తుంది, 48 కిందికి జారితే కుదుపు మళ్లీ కనబడుతుంది. అదనపు ఎస్‌ఎస్‌డీ వేసేవారు పీసీఐఈ 4.0 రకం, సెకనుకు 5,500 మెగాబైట్లకు తగ్గని చదివే వేగం, హీట్‌సింక్‌తో కలిపి మొత్తం మందం 11.25 మిల్లీమీటర్లకు మించకూడదన్న కొలత చూసుకోవాలి. డెస్క్‌టాప్ కోసం చేసిన ఎత్తైన హీట్‌సింక్‌తో లోహపు మూత మూసుకోదు. యూఎస్‌బీ డిస్క్‌లో పీఎస్5 గేమ్ దాచుకోవచ్చు, అక్కడి నుంచి ఆడటం కుదరదు.

వేడి విషయంలో కన్సోల్‌కు ఉన్న ఒక మంచి గుణాన్ని మీ వ్యాసం వదిలేసింది. పీఎస్5 గడియారం గది వేడిని బట్టి మారదు. చిప్ చేస్తున్న పనిని బట్టి, ముందే గీసిన విద్యుత్ హద్దులో మారుతుంది. అందువల్ల ఒకే దృశ్యంలో ఏ పీఎస్5 అయినా ఒకేలా నడుస్తుంది. డెస్క్‌టాప్ కార్డు తన వేడినీ, ఆ చిప్ తయారీలో పడ్డ అదృష్టాన్నీ బట్టి గడియారం పెంచుకుంటుంది. ఒకే పేరున్న రెండు కార్డుల మధ్య కొద్ది శాతం తేడా సహజం. కార్డు చల్లగా ఉన్నప్పుడు తీసిన మొదటి నిమిషం అంకె కన్నా పదిహేను నిమిషాలు ఆడాక తీసిన అంకె నమ్మదగింది. విద్యుత్ పోలిక కూడా గోడ సాకెట్ దగ్గర మీటర్ పెట్టి చేయాలి. పవర్ సప్లై మీద అచ్చేసిన 350 వాట్లు పీఎస్5 వాడకం కాదు, పెద్ద గేమ్‌లో అది 200 వాట్ల చుట్టుపక్కల ఉంటుంది. ఆర్‌ఎక్స్ 6700 కార్డు హద్దే 175 వాట్లు. ప్రాసెసర్, బోర్డు, ఫ్యాన్లు, పవర్ సప్లై నష్టం అందుకు అదనం.

షేడర్ల సంగతి ఒక్కటి మిగిలింది. కన్సోల్‌లో చిప్ ఒకటే కాబట్టి షేడర్లను ముందే ఆ చిప్ భాషలోకి మార్చి గేమ్‌తో పాటే పంపుతారు. డెస్క్‌టాప్‌లో కార్డులు వందల రకాలు, డ్రైవర్లు (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) తరచూ మారుతుంటాయి. మార్చే పని సాధారణంగా ఆడేవారి యంత్రంలోనే జరగాలి. ఆట మధ్యలో జరిగితే ఒక్క క్షణం బిగుసుకుపోతుంది. ఎంత ఖరీదైన కార్డు పెట్టినా ఈ కుదుపు పూర్తిగా పోదు. మొదలుపెట్టగానే షేడర్లు సిద్ధం చేసే గేమ్‌లలో ఆ పని పూర్తయ్యేదాకా ఆగాలి, డ్రైవర్ మార్చాక అది మళ్లీ మొదటికొస్తుందని తెలిసి ఉండాలి. పరీక్షకు ముందు రోజు డ్రైవర్ మార్చి, మొదటి పరుగులోని కుదుపులను కార్డు ఖాతాలో వేయడం అన్యాయం.

మీ పట్టికను తీసేయమని కోరడం లేదు. టెరాఫ్లాప్స్ వరస ఉంచండి, పక్కన తరం పేరు వేయండి. ‘సమానమైన కార్డు’ అన్న వరస బదులు గేమ్ పేరు, మోడ్, లోపల గీసిన రిజల్యూషన్, సగటు, ఒక శాతం అంకె, డ్రైవర్ సంఖ్య, ర్యామ్ వేగం వేయండి. చోటు చాలకపోతే పది గేమ్‌ల బదులు రెండింటికే వేయండి. ఈలోగా సవరణగా అచ్చువేయాల్సింది ఇంతే: ఆర్‌టీఎక్స్ 3070 పీఎస్5 గ్రాఫిక్స్ చిప్ కన్నా వేగమైనది, కానీ 20.3ను 10.28తో భాగిస్తే వచ్చేది ఆ వేగం కాదు. ఆ కార్డులో 8 జీబీ మెమరీయే ఉంది కాబట్టి టెక్స్చర్లు బరువైన గేమ్‌లలో కన్సోల్ స్థాయి కన్నా ఒక మెట్టు కింద పెట్టుకోవాల్సి రావచ్చు.

ఇట్లు,
మీ పాఠకుడు